రెండు గీతల మధ్య అర అంగుళం

ఢిల్లీ పక్క ఇందిరాపురంలోని మా అపార్టుమెంట్ల సొసైటీలో ఎవరు ఊరు వెళ్ళాలన్నా ముందు హనుమయ్యగారి తలుపు తట్టేవారు. టికెట్టు కొన్నాక చూపించడానికి కాదు, కొనకముందు అడగడానికి. కాచిగూడలో దిగితే నయమా, సికిందరాబాదులోనా? భోపాల్లో మారాలా, నాగపూర్లో మారాలా? ఆయన కళ్ళు మూసుకుని జవాబు చెప్పేవారు. మాటవరసకి అనడం లేదు, నిజంగానే మూసుకునేవారు. రెప్పల వెనక ఆయనకి ఏదో కనబడేది.

అదేమిటో నాకు చాలాకాలానికి గాని తెలియలేదు. కనబడేది గ్రాఫు కాగితం.

ఆయన రైల్వే కంట్రోల్ ఆఫీసులో ముప్పైనాలుగేళ్ళు పనిచేశారు. మొదట విజయవాడ, తర్వాత బదిలీ మీద ఢిల్లీ. స్టేషన్‌మాస్టరు పచ్చజెండా ఊపుతాడని అందరికీ తెలుసు. ఊపమని ఫోన్లో చెప్పే మనిషి ఎక్కడో ఒక గదిలో కూర్చుని ఉంటాడని చాలామందికి తెలియదు. ఆ గదిలో మనిషి ఈయన. ముందు బల్ల మీద పెద్ద గ్రాఫు కాగితం. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. నడుస్తున్న బండి ఏటవాలు గీత. నిలబడ్డ బండి అడ్డగీత. అడ్డగీత మరీ పొడుగైతే "బండి పడుకుంది" అనేవారు ఆయన, ఇంట్లో ఎవరో మంచం పట్టినట్టు.

నేను ఒక ప్రభుత్వ గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. మధ్యాహ్నాలు ఆయన ఇంటికి వెళ్ళి పేపరు చదివేవాణ్ణి. నన్ను "లైబ్రరీగారూ" అని పిలిచేవారు. ఆయన దగ్గర ఒక కథ ఉండేది. నేను ఇరవైసార్లకి తక్కువ వినలేదు. ఒకసారి గుడివాడ పాసింజరు ఆలస్యమైందట. అందులో వాళ్ళు విజయవాడలో దిగి మద్రాసు బండి ఎక్కాలి. ఎక్కాల్సినవాళ్ళలో ఒక బాలింత ఉందని స్టేషన్లోవాళ్ళు చెప్పారు. ఈయన మద్రాసు బండిని తొమ్మిది నిమిషాలు ఆపేశారు. పైవాళ్ళు సంజాయిషీ అడిగారు. ఈయన ఒక్క వాక్యం రాసిచ్చారు: 'వెనక బండిలో మనుషులు ఉన్నందున ఆపితిని.'

"తర్వాత ఏమైంది?" అని ఎవరో ఒకరు అడగాలి. అడిగేదాకా ఊరుకునేవారు.

"ఏమవుద్ది? ఇంక్రిమెంటు ఆపారు. నేను బండి ఆపితే వాళ్ళు ఇంక్రిమెంటు ఆపారు. చెల్లుకి చెల్లు."

తాయారమ్మగారు వంటింట్లోంచి అనేవారు, "మా పెళ్ళికి ఈయన పదకొండు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. అప్పుడు ఎవరూ సంజాయిషీ అడగలేదు. అడిగుంటే బాగుండేది."

ఈ ఇంటికే కిందటి సెప్టెంబరులో ఒక మంగళవారం సాయంత్రం రేవతి, వాళ్ళమ్మాయి సాత్విక వచ్చారు. ఇద్దరూ మా పై అంతస్తులో ఉంటారు. రేవతి భర్త ఉద్యోగంలో ఉండగానే పోతే, ఆయన ఆఫీసులోనే ఆమెకి గుమాస్తా పని ఇచ్చారు. ఢిల్లీలో సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లు పడగొట్టేదాకా అక్కడే ఉన్నారు. సాత్విక, కోచింగ్ పిల్లలు అద్దెకుండే జియా సరాయ్‌లో ఒక కిటికీ లేని గదిలో ఉండి చదువుకున్న పిల్ల. భూగర్భ జలాల మీద పరిశోధనకి పోలండ్ రాజధాని వార్సాలో ఒక విశ్వవిద్యాలయం సీటు ఇచ్చింది, నెలనెలా భృతితో సహా. ఆ భృతి లేకపోతే రేవతి జీతం మీద ఆ చదువు ఊహకి కూడా అందదు. షరతు ఒక్కటే. శుక్రవారం మధ్యాహ్నం మూడులోపు ఆఫీసులో స్వయంగా హాజరు వేయించుకోవాలి. లేదంటే వరసలో తర్వాత ఉన్నవాళ్ళకి సీటు వెళ్ళిపోతుంది.

వీసా పడింది గాని, పాస్‌పోర్టు చేతికొచ్చేది బుధవారం సాయంత్రం. అంటే గురువారం బయల్దేరాలి, శుక్రవారం మూడుకల్లా అక్కడ ఉండాలి.

"అంకుల్, మీరే చెప్పాలి," అంది రేవతి.

"అంకుల్, జల్దీ బతాయియే," అంది సాత్విక.

"మీ అమ్మకీ అంకుల్నే, నీకూ అంకుల్నే. మీ ఇంట్లో వరసలు టైంటేబుల్ లేని బళ్ళే తల్లీ," అంటూ హనుమయ్యగారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

కింద మార్కెట్లో టికెట్ల దుకాణం నడిపే క్రాంతి కూడా లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. వరంగల్ కుర్రాడు, నిదానస్తుడు. అతను ఒకటి చూసిపెట్టాడు. గురువారం రాత్రి బయల్దేరి, ఇస్తాంబుల్లో ఆరు గంటలు ఆగి, శుక్రవారం పొద్దున పదకొండుకి వార్సా.

"ఆరు గంటలు పడుకుంటుందా?" అన్నారు హనుమయ్యగారు. "తీరా దిగాక చేతిలో ఉండేది నాలుగు గంటలు. అది ఏమాత్రం ఆలస్యమైనా పిల్ల ఏం చేస్తుంది? మార్జిన్ ఎక్కడుండాలయ్యా?"

క్రాంతికి అర్థం కాలేదు.

"చివర. ఎప్పుడూ చివరే. బండి టైము వేసేటప్పుడు ఆఖరి స్టేషన్ ముందు అరగంట కలిపి వేస్తాం. దారిలో ఎంత పోయినా అక్కడ కలిసొస్తుంది. మధ్యలో పోస్తే ఇసకలో నీళ్ళు పోసినట్టే."

ఆయనే ఇంకో దారి వెతికించారు. గురువారం పొద్దున తొమ్మిదీ నలభైకి ఢిల్లీలో ఒక విమానం. అక్కడి టైము ప్రకారం పదకొండూ యాభైకి గల్ఫ్‌లో ఒక ఊళ్ళో దిగుతుంది. అదే ఊరి నుంచి వేరే కంపెనీ విమానం ఒంటిగంటా అయిదుకి వార్సాకి. గురువారం చీకటిపడకముందే పిల్ల వార్సాలో ఉంటుంది. శుక్రవారం పూర్తిగా చేతిలో.

"మధ్యలో గంటా పదిహేనే ఉంది అంకుల్," అన్నాడు క్రాంతి. "పైగా సిస్టమ్ ఆ రెండూ కలిపి ఇస్తలేదు. వేరే వేరే టికెట్లు తీయాలె. ఇస్తలేదంటే ఏదో రీజన్ ఉంటది."

"సిస్టమ్ అంటే ఎవరు నాయనా? ఎవడో మనిషేగా కూర్చుని రాసింది. నేనూ రాశాను అట్లాంటివి. గంటా పదిహేను అంటే ఇటార్సీ జంక్షన్లో స్నానం చేసి భోంచేసి బండెక్కచ్చు. ఒకవేళ మొదటిది కాస్త ఆలస్యమైందే అనుకో, అదే ఊళ్ళో అదే ఆవరణలో ఉన్న రెండోది పది నిమిషాలు ఆగదా? మనుషులు వస్తున్నారని తెలుస్తుందిగా వాళ్ళకి."

క్రాంతి నా వంక చూశాడు. నేను ఏదైనా అంటానేమోనని. నేనేమీ అనలేదు. అప్పుడు నాకూ సబబుగానే తోచింది. ఇప్పటికీ ఆ చూపు గుర్తొస్తే పుస్తకం మూసేస్తాను.

హనుమయ్యగారు సొరుగులోంచి గ్రాఫు కాగితం తీసి, స్కేలు పెట్టి, సాత్విక ప్రయాణం గీశారు. ఒక ఏటవాలు గీత, అర అంగుళం ఖాళీ, మళ్ళీ ఏటవాలు గీత, ఆ తర్వాత శుక్రవారం మూడింటిదాకా పొడుగాటి మార్జిన్. చూడ్డానికి ముచ్చటగా ఉంది. సాత్విక దాన్ని ఫోటో తీసుకుంది. "అంకుల్, ఇది ఫ్రేమ్ కట్టిస్తా," అంది.

గురువారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆయన భోజనం చేస్తున్నారు. గోంగూర పప్పు. కంచం పక్కనే ఆ కాగితం, దాని మీద ఫోను. విమానం ఎక్కడుందో చూపించే యాప్ సాత్విక నేర్పించి వెళ్ళింది.

"పాతిక నిమిషాలు లేటు," అన్నారు ముద్ద కలుపుతూ. "మధ్యలో యాభై మిగిలింది. ఫరవాలేదు. పక్క ప్లాట్‌ఫారమేగా."

రబ్బరుతో మొదటి గీత చెరిపి, ఎడంచేత్తోనే కాస్త కుడివైపు జరిపి గీశారు. అర అంగుళం పావు అంగుళంలోకి వచ్చింది.

మన టైము రెండూ ఎనిమిదికి ఫోను మోగింది. స్పీకరు పెట్టారు.

"అంకుల్, ప్రాబ్లమ్ హో గయా."

"దిగావా తల్లీ?"

"దిగాను. వీళ్ళు నన్ను పంపించట్లేదు. నా దగ్గర సెకండ్ ఫ్లైట్ బోర్డింగ్ పాస్ లేదు కదా. వీసా చూసి కౌంటర్‌లోనే ఇస్తారంట. కౌంటర్ బయట ఉంది. బయటికెళ్ళి, బ్యాగ్ తీసుకుని, మళ్ళీ చెక్ఇన్ చేయాలంట. బయటికెళ్ళడానికి నాకు ఈ కంట్రీ వీసా లేదు."

"బ్యాగు వాళ్ళే మార్చరా?"

"నహీఁ అంకుల్. రెండూ అలగ్ అలగ్ టికెట్లు. వాళ్ళకి నేను ఇక్కడిదాకానే ప్యాసింజర్ని. ఇక్కడితో నా జర్నీ ఖతమ్ అంటున్నారు."

హనుమయ్యగారి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"ఆ విమానం ఎక్కడుంది?"

"ఎదురుగానే. గ్లాస్‌లోంచి కనబడుతోంది."

"కదిలిందా?"

"లేదు. లోగ్ చఢ్ రహే హైఁ."

"ఎక్కుతున్నారా! ఇంకేం మరి. టైమెంత అక్కడ?"

"పన్నెండు ముప్పై ఎనిమిది."

"ఇంకా ఇరవైయేడు నిమిషాలుంది! భయపడకు. అక్కడ కంట్రోలర్ ఎవరో కనుక్కో. ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతా."

"కంట్రోలర్ మత్‌లబ్?"

"ఆపేవాడు. బండి ఆపేవాడు ఎవడో ఒకడు ఉంటాడమ్మా. ప్రతిచోటా ఒకడు ఉంటాడు."

ఆ పిల్ల ఎవరికో ఫోను ఇచ్చింది. ఒక స్త్రీ గొంతు వినబడింది, చాలా మర్యాదగా. హనుమయ్యగారు వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు. ఆయన గొంతు మారిపోయింది. ముప్పైనాలుగేళ్ళు స్టేషన్లతో మాట్లాడిన గొంతు అదేనేమో, నేనెప్పుడూ వినలేదు. వచ్చీరాని రైల్వే ఇంగ్లీషులో, లింకు ప్రయాణికురాలు ఒకరు ఉన్నారు, దయచేసి అయిదు నిమిషాలు ఆపండి, బాధ్యత నాది అని చెప్పారు.

బాధ్యత నాది అన్నారు. ఇందిరాపురంలో, గోంగూర అంటిన చేత్తో.

ఆమె విసుక్కోలేదు. అదే మర్యాదతో, ఆపడం ఎవరి చేతిలోనూ లేదని, ఆ విమానం కౌంటరు పన్నెండూ అయిదుకే మూసేశారని చెప్పింది. బయల్దేరడానికి గంట ముందు మూయడం నియమమట.

"పన్నెండూ అయిదా?" అన్నారు హనుమయ్యగారు.

"అవును సర్."

ఆయన కాగితం వైపు చూశారు. నేనూ చూశాను. ఇద్దరం ఒకే లెక్క వేస్తున్నాం. మొదటి విమానం ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా పదకొండూ యాభైకి దిగినా, కౌంటరు మూయడానికి ఉండేది పదిహేను నిమిషాలు. దిగి, వరసలో నిలబడి, బయటికెళ్ళి, బ్యాగు వచ్చేదాకా ఆగి, ఇవన్నీ పదిహేను నిమిషాల్లో. వెళ్ళడానికి వీసా ఉన్నా సరే. ఆ అర అంగుళం ఎప్పుడూ లేదు. మంగళవారం సాయంత్రం స్కేలు పెట్టి గీసినప్పుడు కూడా లేదు.

ఆలస్యం వల్ల తప్పిపోయిందంటే మనసు ఏదోలా ఒప్పుకుంటుంది. ఆలస్యం లేకపోయినా తప్పిపోయేదని తెలిస్తే ఎక్కడ నిలబడాలో తెలియదు.

"అంకుల్," మళ్ళీ సాత్విక. "డోర్ బంద్ హో గయా. కానీ ఫ్లైట్ ఇంకా అక్కడే ఉంది."

"ఉందా?"

"ఉంది."

ఫోను అలాగే పెట్టుకుని కూర్చున్నాం. ఆ పిల్ల ఊపిరి వినబడుతోంది. వెనకాల ఏవో ప్రకటనలు. ప్రతి రెండు నిమిషాలకీ ఆయన "ఉందా?" అనడం, ఆమె "ఉంది" అనడం. తాయారమ్మగారు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయారు.

"అంకుల్, పీఛే జా రహా హై. ఫ్లైట్ వెనక్కి కదిలింది."

మన టైము రెండూ ముప్పైతొమ్మిది. హనుమయ్యగారి వేళ్ళ మీద అన్నం ఎండిపోయి ఉంది.

క్రాంతి పరుగున వచ్చాడు. "నేను చెప్పిన కదా" అని అతను అనలేదు. ఆ మాట కోసం నేను ఎదురుచూశాను, అది రాకపోవడం ఇంకా బరువైంది. గోడవైపు తిరిగి కూర్చుని రెండు గంటలు వెతికాడు. గల్ఫ్ నుంచి వార్సా వెళ్ళేవన్నీ నిండిపోయాయి. తిరిగి తిరిగి ఒక్కటి దొరికింది, బయటికి వెళ్ళకుండా లోపలే బోర్డింగ్ పాస్ ఇచ్చే కంపెనీది. శుక్రవారం సాయంత్రం నాలుగూ పదికి చేరుతుంది. సాత్విక విశ్వవిద్యాలయానికి మెయిలు పెట్టింది. రెండు వాక్యాల జవాబు వచ్చింది. మీ ఇబ్బందికి చింతిస్తున్నాం, గడువు శుక్రవారం మూడు గంటలు.

రేవతి ఆఫీసు నుంచి మెట్రోలో వచ్చి, వైశాలిలో దిగి ఆటో ఎక్కేసరికి ఆరు దాటింది. భుజాన సంచీ తీయకుండానే సోఫా అంచున కూర్చుంది. క్రాంతి జరిగిందంతా చెప్పాడు. ఆమె విన్నది. ఏడవలేదు, అరవలేదు. హనుమయ్యగారి వైపు తిరిగి, ఏదో ఫారం నింపుతూ వివరం అడిగినట్టు అడిగింది:

"అంకుల్, మీరు ఎప్పుడైనా విమానం ఎక్కారా?"

"లేదమ్మా," అన్నారాయన.

పధ్నాలుగేళ్ళుగా ఈ సొసైటీలో ఎంతమంది ఆయన్ని అడిగి ఎక్కడెక్కడికి ఎగిరి వెళ్ళారో. రైళ్ళతో మొదలై, బొంబాయిలో మారే విమానాలు, తర్వాత సింగపూర్లు, మస్కట్లు. ఒక్కరం కూడా ఈ మాట అడగలేదు. నేనూ అడగలేదు. పుస్తకాలతోనే బతికినవాణ్ణి, కానీ ఒక మనిషికి ఏం తెలుసో కనుక్కోవాలని నాకు తోచలేదు. ఆయన అబద్ధం ఆడలేదు. మేమే అడగలేదు.

"అచ్ఛా," అంది రేవతి. లేచి వెళ్ళిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం పేపరు పట్టుకుని వెళ్ళాలా వద్దా అని గుమ్మంలో తచ్చాడి చివరికి వెళ్ళాను. హనుమయ్యగారు ఫోను చూస్తున్నారు. తలెత్తకుండానే, "దిగింది," అన్నారు.

"సాత్వికా? సాయంత్రం కదా."

"అది కాదు. క్రాంతి చెప్పిన ఇస్తాంబుల్ది."

ఆయన రాత్రంతా దాన్ని చూస్తూ కూర్చున్నారని తాయారమ్మగారు సైగ చేశారు. తను వద్దన్న విమానం ఢిల్లీలో లేవడం, ఇస్తాంబుల్లో దిగడం, ఆరు గంటలు ఆగడం, మళ్ళీ లేవడం. అన్నీ కాగితం మీద గీశారు. రెండు ఏటవాలు గీతలు, మధ్యలో పొడుగాటి అడ్డగీత.

"వార్సాలో పదీ యాభైరెండుకి," అన్నారు. "ఎనిమిది నిమిషాలు ముందు."

పేపరు మడిచి ఆయన పక్కన కూర్చున్నాను.

అక్కడ మూడంటే ఇక్కడ ఆరున్నర. ఆరున్నరదాకా ఆయన ఆ కాగితం, నేను అదే పేపరు తిరగేస్తూ కూర్చున్నాం. గోడ గడియారం ఆరున్నర చూపించాక ఆయన పెన్సిలు కింద పెట్టారు.

"లైబ్రరీగారూ, ఆ మద్రాసు బండి కథ ఎన్నిసార్లు చెప్పాను మీకు?"

"చాలాసార్లు."

"దాన్ని తొమ్మిది నిమిషాలు ఆపాను కదా. అందులో ఎనిమిది వందల మందైనా ఉండి ఉంటారు. వాళ్ళలో ఎవరికి ముందు గూడూరులోనో మద్రాసులోనో బండి తప్పిపోయిందో నేను ఎన్నడూ కనుక్కోలేదు." కాగితం మడుస్తూ, "వెనక బండిలోనే మనుషులున్నారని రాశానండీ," అన్నారు.

నేను ఏదో ఓదార్పు చెప్పాలనుకున్నాను. నోట్లోకి వచ్చినవన్నీ ఎవరో రాసిన వాక్యాలు.

సాత్విక శుక్రవారం సాయంత్రం చేరింది. వెళ్ళేసరికి ఆఫీసుకి తాళం. సోమవారం వెళితే, సీటు వేరొకరికి ఇచ్చేశామని చెప్పారు. భృతి లేకుండా చేరతావా అని అడిగారు. పదకొండో రోజుకి తిరిగొచ్చింది. అక్కడ ఉన్నన్నాళ్ళూ పల్చటి స్వెట్టరుతో గడిపింది. సరోజినీ నగర్ మార్కెట్లో మూడు గంటలు బేరమాడి కొన్న కోటు బ్యాగులో ఉంది, బ్యాగు గల్ఫ్‌లో ఉంది. ఆ బ్యాగు ఇంకో వారానికి తనంతట తనే ఢిల్లీకి వచ్చింది, గోంగూర పచ్చడి సీసా పగలకుండా. దాన్ని తెచ్చిన డెలివరీవాడికి తలుపు తీసినప్పుడు రేవతి మొదటిసారి ఏడవడం మెట్ల మీది నుంచి విన్నాను.

ఆ తర్వాత హనుమయ్యగారి తలుపు పెద్దగా ఎవరూ తట్టలేదు. తట్టిన ఒకరిద్దరికి "నాకు తెలియదండి" అన్నారు. చలికాలం మొదలయ్యాక మధ్యాహ్నాలు నేను వెళితే ఇంట్లో ఉండేవారు కాదు. "క్రాంతి దుకాణంలో ఉంటున్నారు," అన్నారు తాయారమ్మగారు. "ఎందుకని అడిగితే చెప్పరు. మఫ్లరు మాత్రం నన్నే వెతికిపెట్టమంటారు."

ఒకరోజు వెళ్ళి చూశాను. మూల స్టూలు మీద కూర్చుని, టికెట్లకి వచ్చేవాళ్ళు అడిగేవీ, క్రాంతి చెప్పేవీ వింటున్నారు. ఒళ్ళో చిన్న పుస్తకం. వాళ్ళు వెళ్ళాక అడుగుతారు. ఒకే టికెట్టయితే బ్యాగు ఎక్కడ దిగుతుంది? రెండో టెర్మినల్‌కి బస్సులో వెళ్ళాలా? మొదటిది ఆలస్యమైతే రెండోదాన్లో ఎక్కించే బాధ్యత ఎవరిది? ఏ దేశంలో మారితే ఏ వీసా?

"అంకుల్, మీకేమన్న ఉద్యోగం ఇయ్యాల్నా ఏంది?" అన్నాడు క్రాంతి.

"ఇవ్వద్దు నాయనా. ఒకసారి చేశానుగా," అన్నారాయన.

నాకు అప్పుడు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక రాలేదు.

సాత్విక జియా సరాయ్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతూ మళ్ళీ దరఖాస్తులు పెట్టింది. ఈ జూలైలో చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లో సీటు వచ్చింది, భృతితోనే. ఆగస్టు చివర ఒక ఆదివారం ఆ పిల్ల హనుమయ్యగారి ఇంటికి వచ్చింది. ఏడాది తర్వాత. నేను అక్కడే ఉన్నాను. చేతిలో టికెట్టు కాగితం.

"అంకుల్, చెక్ కర్ దీజియే."

ఆయన చెయ్యి చాపలేదు. "క్రాంతిని అడుగమ్మా."

"క్రాంతి భయ్యానే తీశాడు. మీరు చూడండి."

"నేను చూస్తే ఏమైందో తెలుసుగా."

"తెలుసు. నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు," అంది ఆ పిల్ల. "అందుకే. ఇప్పుడు ఎక్కడ చూడాలో మీకు పతా హై. మిగతావాళ్ళకి తెలీదు. మమ్మీ కూడా మీకే చూపించమంది."

తాయారమ్మగారు కళ్ళజోడు తెచ్చి ఆయన ముందు పెట్టారు.

ఆయన టికెట్టు అందుకుని, చిన్న పుస్తకం తెరిచి, ఒక్కొక్కటే చదివారు.

"ఒకటే టికెట్టా?"

"ఒకటే."

"బ్యాగు?"

"ప్రాగ్‌లోనే."

"రెండో బోర్డింగ్ పాస్?"

"ఢిల్లీలోనే ఇస్తారు. అడిగాను."

"మధ్యలో?"

"అయిదు గంటల ఇరవై నిమిషాలు."

"చేరాక?"

"రిపోర్టింగ్‌కి ఆరు రోజులు."

ఆయన కాగితాన్ని తిరగేసి మళ్ళీ మొదటి నుంచి చదివారు. ఆ తర్వాత లేచి సొరుగు తెరిచారు. గ్రాఫు కాగితం తీశారు. ఏటవాలు గీత ఒకటి, అడ్డగీత పొడుగ్గా, మళ్ళీ ఏటవాలు గీత. అడ్డగీత దగ్గర పెన్సిలు మెల్లిగా నడిపారు. దాని కింద 'పడుకుంది' అని రాయలేదు.

ఆ పిల్ల వెళ్ళిన రోజు మధ్యాహ్నం నేను ముందుగానే ఆయన ఇంట్లో ఉన్నాను. రేవతి సెలవు పెట్టి వచ్చింది. ఎవరూ తినలేదు. విమానం ఇరవై నిమిషాలు ఆలస్యంగా దిగింది. యాప్‌లో ఆ అంకె కనబడగానే నాకు ఏడాది కిందటి పాతిక నిమిషాలు గుర్తొచ్చాయి. రేవతి నా మోచెయ్యి పట్టుకుంది, ఎవరిదో చూసుకోకుండా; గంటసేపు వదల్లేదు.

ఫోను మోగింది.

"దిగావా తల్లీ? ఎక్కడున్నావు?"

"గేట్ దగ్గర కూర్చున్నా. ఫ్లైట్ ఇంకా రానే లేదు. అంకుల్, బహుత్ బోర్ హో రహా హై."

"తిన్నావా?"

"తిన్నా. కాఫీ కూడా తాగా. అన్ని దుకాణాలూ దో బార్ తిరిగా."

"ఇంకా ఎంతసేపుంది?"

"చార్ ఘంటే! నాలుగు గంటలు ఏం చేయాలి ఇక్కడ?"

రేవతి నా చెయ్యి వదిలేసింది. హనుమయ్యగారు ఎదురుగా ఉన్న కాగితం మీద ఆ పొడుగాటి అడ్డగీత వైపు చూస్తున్నారు. ఫోను చెవి దగ్గరికి ఇంకాస్త నొక్కుకున్నారు.

"ఉండనీ," అన్నారు.